ఓట్ల లెక్కింపూ, గుండె జబ్బూ

జగిత్యాల నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

“డాక్టరు గారికి నమస్కారాలు. మా బాపుకు అరవై ఎనిమిదేండ్లు. మూడేండ్ల కింద గుండెకు స్టెంటు వేశారు. బి.పి., షుగరు రెండూ ఉన్నాయి. మామూలు రోజుల్లో గోలీలు టైముకు వేసుకుంటాడు. ఎలక్షన్ల ఫలితాలొచ్చే రోజున మాత్రం ఎవరి మాటా వినడు. 2024 జూన్ 4న పొద్దున ఏడింటికి టి.వి. ముందు కూర్చున్న మనిషి రాత్రి పదకొండు దాకా లేవలేదు. ‘బాపూ, గోలీ ఏసుకో’ అంటే ‘ఆగు బిడ్డా, ఈ రౌండు కానీ’ అంటాడు. పొద్దటి గోలీలు పొద్దుగూకే దాకా అట్లనే ఉన్నాయి. రాత్రి ఛాతీ పట్టేసినట్టుందన్నాడు గాని, తెల్లారి చూద్దామని దవాఖానకు రాలేదు. దేవుని దయవల్ల ఏమీ కాలేదు. మళ్లీ ఎలక్షన్లు వస్తే టి.వి. తీగ పీకేద్దామా? ఆయన మెచ్చిన పార్టీ ఓడిపోతే ఆ సంగతి దాచవచ్చునా? ముందే ఒక నిద్రగోలీ ఇవ్వవచ్చునా?”

మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. కాని అసలు ప్రశ్న ఒకటి ఈ ఉత్తరంలోనే ఉండిపోయింది, సోదరి దాన్ని అడగలేదు. ‘ఛాతీ పట్టేసినట్టుంది, తెల్లారి చూద్దాం’ అన్నారే, ఆ మాట. ఏమీ కాలేదంటున్నారు. అయిందో, కాలేదో ఇ.సి.జి. తీస్తే గాని తెలియదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి గుండెపోటు చడీచప్పుడు లేకుండా వచ్చి పోవచ్చు. ఇంతవరకు తీయించి ఉండకపోతే, అమ్మా, ముందు ఈ పత్రిక పక్కన పెట్టి మీ బాపును డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. మిగతాది వచ్చాక చదువుకోవచ్చు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలవారికి ఎన్నికల మీద ఎంత పట్టుదలో వేరే చెప్పనక్కరలేదు. (2016లో ఈ రెండూ చీలి చాలా జిల్లాలయ్యాయి గాని, పాత పేర్లు మన నోట ఇంకా పోలేదు.) 1977 మార్చి 20 రాత్రి సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఊళ్లో రేడియో ఉన్న ఇంటి అరుగు మీదే ఊరంతా. మన రాష్ట్రంలో 42 స్థానాలకు 41 కాంగ్రెసుకే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే జనతా పార్టీ తరఫున నెగ్గారు. ఉత్తరాదిన మాత్రం అంతా తలకిందులు. రాయబరేలిలో ప్రధాని ఇందిరాగాంధీయే ఓడిపోయారు. తరువాత 1984 డిసెంబరు చివర, ఆదిలాబాద్ చలిలో, చలిమంటల చుట్టూ మళ్లీ అదే ముచ్చట. ఆదిలాబాద్‌లో తెలుగుదేశం అభ్యర్థి సి. మాధవరెడ్డి, కరీంనగర్‌లో కాంగ్రెసు అభ్యర్థి జువ్వాడి చొక్కారావు గెలిచారు. పక్కనే హన్మకొండలో, అప్పటి కరీంనగర్ జిల్లా వంగర గ్రామ వాస్తవ్యులైన పి.వి. నరసింహారావు గారు భారతీయ జనతా పార్టీ అభ్యర్థి సి. జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ వార్త విని ఎంతమంది గుండె గుబేలుమని ఉంటుందో, ఎంతమంది గంతులు వేసి ఉంటారో!

వైద్యం శీర్షికలో ఈ చరిత్ర ఎందుకంటారా? ఆ రోజులకూ ఈ రోజులకూ ఒక తేడా ఉంది, అది గుండెకు సంబంధించిన తేడా. అప్పుడు వార్త బులెటిన్‌లలో వచ్చేది. ఒక బులెటిన్ అయిపోయాక మరొకటి వచ్చేదాకా చేసేదేమీ లేదు. మనిషి లేచి నాలుగు అడుగులు నడిచేవాడు, ఇంత తినేవాడు, అరుగు మీదే ఒక కునుకు తీసేవాడు. దూరదర్శన్ వచ్చాక కూడా ఫలితాల మధ్య సినిమాలు వేసేవారు. మధ్యమధ్య శరీరానికి విరామం దొరికేది. 2004 నుంచి దేశమంతటా లోక్‌సభ ఎన్నికలకు ఓటింగ్ యంత్రాలే వాడుతున్నారు. ఉదయం ఎనిమిదికి లెక్కింపు మొదలైతే ఇక క్షణం తెరిపి లేదు. టి.వి. తెర కింద అంకెలు పరుగెత్తుతూ ఉంటాయి, చేతిలో ఫోను, ఫోనులో వాట్సాప్, ఆ వాట్సాప్‌లో బావమరిది పంపిన అబద్ధపు ఆధిక్యం ఒకటి!

ఉద్వేగం వచ్చినపుడు మన శరీరం ఏం చేస్తుందో చూడండి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తం తొందరగా గడ్డకట్టే స్థితికి వస్తుంది. పులి ఎదురైనపుడు పారిపోవడానికో పోరాడడానికో ప్రకృతి చేసిన ఏర్పాటిది. పులి వెళ్లిపోతే అన్నీ సర్దుకుంటాయి. టి.వి.లో పులి పన్నెండు గంటలు కూర్చుంటే? ఆరోగ్యవంతుడు తట్టుకుంటాడు. గుండె రక్తనాళాల్లో ముందే కొవ్వు పేరుకున్నవాడికి ఆ కొవ్వు మీది పొర చిట్లి, అక్కడ గడ్డ కట్టి, నాళం మూసుకుపోయే ప్రమాదం ఉంది. అదే గుండెపోటు.

ఇది ఊహ కాదు. 2006లో జర్మనీలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినపుడు మ్యూనిక్ ప్రాంతపు డాక్టర్లు లెక్క తీశారు. తమ దేశపు జట్టు ఆడిన రోజుల్లో గుండె అత్యవసర కేసులు మామూలుకంటె రెండున్నర రెట్లకు పైగా వచ్చాయి. అంతకుముందే గుండెజబ్బు ఉన్నవారిలో నాలుగు రెట్లు. ఎక్కువ కేసులు ఆట మొదలైన రెండు గంటల లోపలే వచ్చాయి. అమెరికాలో 2016 అధ్యక్ష ఎన్నిక తరువాత రెండు రోజుల్లో, దక్షిణ కాలిఫోర్నియాలో ఒక పెద్ద వైద్యసంస్థ సభ్యుల్లో గుండెపోటు, పక్షవాతం వంటి వాటితో ఆస్పత్రిలో చేరినవారు అంతకుముందు వారం అవే రోజులకంటె 62 శాతం ఎక్కువ. మన గుండెలు వాళ్లకన్నా గట్టివని అనుకోవడానికి నాకు కారణమేదీ కనిపించదు.

అయితే ఒక్క మాట. ఉద్వేగం ఒక్కటే దోషి కాదు. ఆ రోజున దానికి తోడయ్యే వాటిని చూడండి: వేసుకోని గోలీలు, తినని తిండి, తాగని నీళ్లు, లెక్కలేని చాయ్, వరుసగా బీడీలు, సిగరెట్లు, పట్టని నిద్ర. ఫలితం మన చేతిలో లేదు. ఇవన్నీ మన చేతిలోనే ఉన్నాయి.

గోలీల సంగతి ముందు. లెక్కింపు ఎనిమిదికి మొదలవుతుంది కనుక ఏడున్నరకే టిఫిను, గోలీలు అయిపోవాలి. టి.వి. పెట్టడానికి ముందు, పెట్టిన తరువాత కాదు. బి.పి. గోలీ మరిచిపోతే గుర్తుకొచ్చినపుడు వేసుకోవచ్చు, కాని మరుసటి వేళ అయిపోయిందని రెండు కలిపి వేసుకోకూడదు. స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వాడే గోలీలను ఒక్క పూట కూడా మానరాదు, ముఖ్యంగా మొదటి సంవత్సరంలో. ఆ గోలీలు మానితే స్టెంటులోనే గడ్డ కట్టవచ్చు.

షుగరు వారికి మరో చిక్కు ఉంది. కొన్ని షుగరు గోలీలు, ఇన్సులిన్ తీసుకుని భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తలతిరుగుడు, దానితోపాటు విసుగు, అర్థంలేని కోపం. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? ‘పార్టీ వెనకబడింది గదా, అందుకే చిరాకు’ అనుకుంటారు. కాదు సుమా! చేతులు చల్లబడి, చెమటతో తడిసి, మాట తికమక పడుతుంటే అది ఓటమి బాధ కాదు, చక్కెర లేని బాధ. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మరొకసారి ఇచ్చి, తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోను చేయండి.

దీనికి సరిగ్గా ఎదురు సంగతి చాయ్‌ది. వచ్చిపోయే వాళ్లతో కలిసి ఎనిమిది చాయ్‌లు తాగారనుకోండి, కప్పుకు రెండు చెంచాల చొప్పున పదహారు చెంచాల చక్కెర పోయింది. గెలిస్తే మిఠాయి దానికి అదనం. నంజుకోవడానికి మిర్చి బజ్జీలకు బదులు గుడాలు ఉడికించి పెట్టుకోండి, సల్ల కలిపి ఉంచండి. ఇన్ని చాయ్‌లు కాచేది ఎవరు? ఇంటి ఇల్లాలు. ఆమెకూ బి.పి. ఉంటుంది, ఆమె గోలీలూ డబ్బాలో అట్లనే ఉంటాయి. ఆమెను అడిగేవారుండరు. ఈ శీర్షిక చదివే మగవారికి నా మనవి, ఆ రోజు రెండో చాయ్ మీరే కాచుకోండి.

ఇక ఎండ. 2004 నుంచి 2024 వరకు లోక్‌సభ ఓట్ల లెక్కింపు మేలోనో, జూన్ మొదటి వారంలోనో జరుగుతూ వచ్చింది. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్‌లలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. గెలిచిన వారి ఊరేగింపు మిట్టమధ్యాహ్నమో మూడింటికో బయలుదేరుతుంది. రంగులు చల్లుకుంటూ, డప్పుల ముందు ఎగురుతూ రెండు గంటలు ఎండలో ఉంటే యువకుడైనా కుప్పకూలుతాడు. శరీరం కాలిపోతూ, మాట తేడాగా వస్తూ, పిచ్చిగా ప్రవర్తిస్తుంటే అది వడదెబ్బ. తాగాడని నవ్వి వదిలేయకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు చల్లి విసరండి. జ్వరం గోలీ దీనికి పనిచేయదు. ఊరేగింపుకు పోయేవాళ్లు ఓ.ఆర్.ఎస్. పొట్లం నీళ్లలో కలుపుకుని సీసా వెంట పెట్టుకోవాలి. గుండె బలహీనమై ఒంటికి నీరు పట్టినవారికి, మూత్రపిండాల జబ్బు వారికి నీళ్ల కొలత వేరుగా ఉంటుంది. వారు తమ డాక్టరు చెప్పిన కొలతనే పాటించి, ఎండలోకి అసలు పోకూడదు. చల్లటి ఇంట్లో కూర్చుని కూడా పార్టీ మీద అభిమానం చూపవచ్చు!

లెక్కింపు కేంద్రంలో ఏజెంట్లుగా కూర్చునేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫోను లోపలికి రానివ్వరు. ఇంట్లోవాళ్లు గుర్తుచేసే దారి లేదు. కాబట్టి తినడం, గోలీలు లోపలికి పోకముందే అయిపోవాలి. గుండెజబ్బు, అదుపులో లేని బి.పి. ఉన్నవారు ఆ బాధ్యత ఇంట్లోనో, పార్టీలోనో ఉన్న చిన్నవారికి అప్పగించడం మేలు. పోలింగు చీటీలు రాసినంత మాత్రాన బల్ల ముందు కూడా మీరే కూర్చోవాలన్న శాసనమేదీ లేదు.

అసలు ఈ రౌండ్ల లెక్క తెలిస్తే సగం దడ తగ్గుతుంది. కరీంనగర్ లోక్‌సభ స్థానంలో కరీంనగర్, చొప్పదండి, వేములవాడ, సిరిసిల్ల, మానకొండూరు, హుజూరాబాద్, హుస్నాబాద్ అని ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. ఆదిలాబాద్‌కూ సిర్పూరు నుంచి ముధోల్ దాకా ఏడే. సాధారణంగా ఒక్కో సెగ్మెంటుకు 14 బల్లలు వేసి లెక్కిస్తారు, 14 పోలింగు కేంద్రాల యంత్రాలు ముగిస్తే ఒక రౌండు. ఒక సెగ్మెంటులో పదో రౌండు నడుస్తుంటే మరొకదానిలో ఏడోది నడుస్తూ ఉండవచ్చు. కాబట్టి మధ్యాహ్నం ఆధిక్యం అయిదు వేలు తగ్గిందంటే ఎవరో చేజారిపోయారని కాదు. ఆ బల్లల మీదికి ఏ ఊళ్ల యంత్రాలు వచ్చాయన్నదే తేడా. మొదటి నాలుగు రౌండ్లు చూసి గుండె పట్టుకోవడం, మొదటి పేజీ చదివి నవలకు విమర్శ రాయడం లాంటిది.

రాత్రి మేలుకోవడం గురించి రెండు మాటలు. మూర్ఛ జబ్బు ఉన్నవారికి ఒక్క రాత్రి నిద్ర చెడినా ఫిట్స్ రావచ్చు, ఫలితం ఏదైనా సరే వేళకు పడుకోవలసిందే. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి వైపు సింగరేణి కార్మికులు రాత్రి షిఫ్టు ఉన్న రోజున పగలంతా టి.వి. చూసి గనిలోకి దిగడం ప్రమాదం. అది తమ ప్రాణానికే కాదు, పక్కవాడి ప్రాణానికి కూడా. ఫలితం ఎటూ పారిపోదు, నిద్ర లేచాక అదే అంకె ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఛాతీ మధ్య బరువు, ఎవరో కూర్చున్నట్టు ఒత్తిడి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం, వాంతి వచ్చేలా ఉండటం, వీటిలో ఏది వచ్చినా దాన్ని ‘టెన్షన్’ అనకండి, ‘బజ్జీలు తిన్నాను, గ్యాస్’ అనకండి. లెక్కింపు నాడు ఈ రెండు మాటలూ ప్రాణాలు తీస్తాయి. ఆడవారిలో, ముసలివారిలో, షుగరు వారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, చెమటలే రావచ్చు. మూసుకున్న నాళాన్ని ఎంత తొందరగా తెరిస్తే గుండె కండరం అంతగా మిగులుతుంది. మొదటి గంటలో వచ్చిన రోగికీ, ఆరు గంటల తరువాత వచ్చిన రోగికీ చాలా తేడా ఉంటుంది. ‘ఇంకో రెండు రౌండ్లు చూసి పోదాం’ అంటే ఆ రెండు రౌండ్లకు చెల్లించేది కండరంతోనే.

108కి ఫోను చేయండి. ఈ సేవ మనకు 2005 నుంచి ఉంది. మోటారు సైకిలు మీద తనే నడుపుకుంటూ బయలుదేరవద్దు. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే, బండి వచ్చేలోగా 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగవచ్చు. పక్కింటివారి నాలుక కింద పెట్టే గోలీ అడిగి తెచ్చి వేయకండి. బి.పి. ముందే పడిపోయి ఉంటే అది ఇంకా పడేస్తుంది.

మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతపు గుర్తులు. దీనికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మెదడులో గడ్డ కట్టిందో, నాళం చిట్లి రక్తం కారిందో స్కానింగు తీస్తే గాని తెలియదు. గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. కనుక లక్షణం ఎప్పుడు మొదలైందో గడియారం చూసి రాసిపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే. గడియారం చూడకపోతే ఏ రౌండు నడుస్తున్నపుడో చెప్పినా సరే, లెక్క కట్టుకుంటాడు!

పందేల సంగతి కూడా రాయక తప్పదు. అభ్యర్థి గెలుపు మీద డబ్బు, బండి, ఒక్కోచోట భూమి కూడా ఒడ్డుతున్నారు. అలాంటివారికి ఫలితం వచ్చిన రాత్రి పెద్ద గండం. అరిచేవాడి గురించి అంత భయం లేదు. అరవకుండా, తినకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా గది తలుపు వేసుకున్నవాడిని ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు, తాళ్లు అందకుండా తీసేయండి. ‘నేను చస్తే పీడ పోతుంది’ అన్న మాటను ఎప్పుడూ ఉత్తమాటగా తీసుకోకండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు రాత్రింబగళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక సోదరి ప్రశ్నలకు వస్తాను. టి.వి. తీగ పీకవద్దు. తెలియకపోవడంలో ఉన్న ఆందోళన తెలియడంలో కన్నా ఎక్కువ. పైగా ఆయన చెప్పులు వేసుకుని ఎండలో పక్కింటికి పోతారు, అక్కడ గోలీ గుర్తుచేసేవారుండరు. దానికి బదులు మీ ఇంట్లోనే పాతకాలపు రేడియో పద్ధతి పెట్టండి. గంటకు ఒకసారి బులెటిన్: పది నిమిషాలు టి.వి., తరువాత బందు. ఆ యాభై నిమిషాల్లో లేచి నడవడం, నీళ్లు, భోజనం, పగటి కునుకు. మనవడో మనవరాలో ఉంటే వాళ్లను వార్తలు చదివేవారిగా నియమించండి, తాత వాళ్ల మాట కాదనడు. ఫోను మాత్రం ఆ రోజు మీ దగ్గరే ఉంచుకోండి.

ఓటమి సంగతి దాచవద్దు. వీధిలో టపాకాయలు పేలుతుంటే ఎలా దాస్తారు? మీ ముఖం చూసే కనిపెట్టేస్తారు. ఒక్కసారిగా కాకుండా, ‘బాపూ, మనోళ్లు ఎనకపడ్డరు, గెలిచేటట్టు లేదు’ అని ముందే మెల్లగా చెప్పి, అన్నం పెట్టి, కాసేపు పక్కన కూర్చోండి. తిడితే తిట్టనివ్వండి.

నిద్రగోలీ ఇవ్వవద్దు. వయసు మీరినవారు దాని మత్తులో రాత్రి లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. అదీగాక, మత్తులో ఉన్న మనిషి ఛాతీ నొప్పి వచ్చినా చెప్పలేడు. ఆ రోజుకని కొత్తగా ఏ మందూ వద్దు. పాతవే వేళకు వేయండి. లెక్కింపుకు వారం ముందు ఒకసారి బి.పి., షుగరు చూపించి, అవసరమైతే డాక్టరు చేత మోతాదు సరిచేయించండి. ఆస్పత్రి కాగితాలు, ఆఖరిసారి తీసిన ఇ.సి.జి. ఒక సంచిలో పెట్టి టి.వి. పక్కనే మేకుకు తగిలించండి.